ఉంది, తేలేకపోయాను

మూడు నెలలకోసారి ఆబిడ్స్‌లోని ఒక రక్తపరీక్షల కేంద్రానికి వెళ్తుంటాను. అంతకంటే మంచివి ఇంటి పక్కనే ఉన్నాయని మావాళ్లు పోరుపెడతారు గానీ, నాకు అక్కడి ప్రింటర్ అంటే ఇష్టం. లోకమంతా కొత్త ప్రింటర్లకు మారినా వాళ్లు మాత్రం పాత సూదుల ప్రింటర్‌నే నెట్టుకొస్తున్నారు. అది చర్రుచర్రుమంటూ అటూ ఇటూ తిరిగి రిపోర్టు అచ్చువేస్తుంది. తర్వాత కౌంటర్లో అమ్మాయి కాగితం రెండంచుల్లోనూ ఉండే చిల్లుల పట్టీలను పట్టుకుని పర్రున చింపుతుంది. ఆ చప్పుడు వింటే చాలు, నాంపల్లి స్టేషన్ దగ్గరి మా పాత ఆఫీసూ, మాణిక్‌రావు గారి గొంతూ గుర్తుకొస్తాయి. మొన్న కూడా అలాగే అయింది. ఆ అమ్మాయి పట్టీలు బుట్టలో పడేసి, రిపోర్టు మీద కలం ఆనించి, "పోయినసారి షుగర్ ఎంతుండె ఆంటీ? మా కంప్యూటర్ల పాతది ఓపెన్ అయితలేదు. గీ గడిల రాయాలె," అంది. నాకు గుర్తులేదు. అయినా నూట ఇరవై అనే అంకె నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పేస్తే ఆమె పనీ అయిపోయేది, నా పనీ అయిపోయేది. నోరు తెరిచి ఆగిపోయాను. ఎందుకు ఆగానో చెప్పాలంటే మాణిక్‌రావు గారి గురించి చెప్పాలి.

యాభై ఆరులో కొత్త రాష్ట్రం ఏర్పడ్డప్పుడు సర్కారీ గుమాస్తాలతో పాటు మా నాన్నగారూ సామాను సర్దుకుని హైదరాబాదు వచ్చారు. మాది తెనాలి వైపు. అప్పటికి నాకు ఐదేళ్లు. నాంపల్లిలో రెండు గదుల వాటాలో పెరిగాను, లెక్కల్లో డిగ్రీ చేశాను, డెబ్బైల మొదట్లో ఒక కంప్యూటర్ సెంటర్‌లో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాను. కంప్యూటర్ అంటే ఏమిటో మా ఇంట్లో ఎవరికీ తెలియదు, నాకూ అంతంతమాత్రమే. సెంటర్ స్టేషన్‌కు కూతవేటు దూరంలో ఒక పాత మేడలో ఉండేది. కింద హాల్లో యంత్రం, పైన మేము. కింద ఏసీ చలికి ఆపరేటర్లు మేనెలలో కూడా స్వెటర్లు వేసుకునేవాళ్లు, పైన మేము ఫ్యాను కింద చెమటలు తుడుచుకునేవాళ్లం.

ఇంటర్వ్యూలో నాకెదురుగా ఒక సన్నటి మనిషి కూర్చున్నారు, ఆయనే మాణిక్‌రావు గారు. తెల్ల ప్యాంటు, పొట్టిచేతుల చొక్కా. కాచిగూడ నుంచి సైకిల్ మీద వచ్చేవారు కాబట్టి ప్యాంటుకు పెట్టుకున్న క్లిప్పు సాయంత్రం దాకా అలాగే ఉండేది. యంత్రానికి వాడేసిన పంచ్ కార్డులు, చిల్లులు పొడిచిన అట్టముక్కలు, రబ్బరు బ్యాండు వేసి జేబులో పెట్టుకునేవారు. ఏది రాసుకున్నా వాటి వెనకే. ఆయనది తరాలుగా హైదరాబాదు కుటుంబం. ఇంట్లో తెలుగు, చదివింది ఉర్దూలో, అందుకని అంకెలు మాత్రం జీవితాంతం ఉర్దూలోనే లెక్కపెట్టుకున్నారు. నన్ను కంప్యూటర్ల గురించి ఒక్క ముక్క అడగలేదు.

"ఒకాయన వచ్చి నిన్ను ఒక ఫైలు అడిగిండనుకో. లోపలికి పోయి చూసినవ్. దొరకలే. బయటికొచ్చి ఏం చెప్తవ్?" అన్నారు.

"రేపు రమ్మంటానండీ."

"రేపు గూడ దొరకలే."

"అయితే లేదని చెప్తాను."

"లేదా, దొరకలేదా?"

"రెండూ ఒకటే కదండీ," అన్నాను. అప్పట్లో నాకు పెద్దవాళ్ల ముందు తడుముకోకుండా జవాబు చెప్పడమే తెలివి అనిపించేది. ఆయన కార్డు వెనక ఏదో ఉర్దూలో గీసుకుని, "సోమవారం నుంచి రా," అన్నారు. జవాబు తప్పు చెప్పినా ఉద్యోగం ఎలా వచ్చిందని చాన్నాళ్ల తర్వాత అడిగాను. "గట్ల గట్టిగ నమ్మేటోళ్లకు ఒకసారి తప్పని తెలిస్తె మళ్ల మర్చిపోరు," అన్నారు. మెచ్చుకున్నారో ఎత్తిపొడిచారో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఆ ప్రశ్న వెనక కథ ఒక మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు విప్పినప్పుడు బయటికొచ్చింది. ఆయన కంప్యూటర్ల వైపు రాకముందు ఎనిమిదేళ్లు ఒక సర్కారీ దఫ్తరులో రికార్డు గదిలో పనిచేశారు. జనం చిన్న కిటికీ దగ్గర చీటీ ఇస్తే, లోపల ఉన్న పదిమంది గుమాస్తాలలో ఎవరో ఒకరు వెళ్లి అరల్లోంచి ఫైలు తేవాలి. తేలేకపోయినవాడు తనే కిటికీ దగ్గరికొచ్చి నోటికొచ్చిన జవాబు చెప్పేవాడు. ఒకడు కోర్టుకు పోయిందనేవాడు, ఒకడు సోమవారం రమ్మనేవాడు, ఒకడు అసలు అలాంటి ఫైలే లేదనేవాడు. నిజానికి పై అరలకు వేసే నిచ్చెన విరిగిపోయి, దాన్ని బాగుచేయించే నాథుడు లేడు.

"ఒక ముసలామె భర్త సర్వీసు బుక్కు కోసం పదకొండు నెలలు తిరిగింది," అన్నారు మాణిక్‌రావు గారు. "పింఛను గావాలంటె గది ఉండాలె. ఆఖర్కి చెదలు తిన్నయమ్మా అని చెప్పిన్రు. ఆమె నమ్మి పోయింది. మూడు నెలలకు నిచ్చెన బాగైంది. చూస్తె బుక్కు పై అరల చక్కగ ఉన్నది. చెదలు లేవు, గిదలు లేవు."

ఆ తర్వాత ఆయన ఒక పద్ధతి పెట్టించారట. లోపలివాళ్లెవరూ కిటికీ దగ్గరికి రాకూడదు, జనంతో మాట్లాడకూడదు. చీటీ మీద మూడింట్లో ఒక మాట రాసి వెనక్కివ్వాలి, అంతే. తెచ్చిన. అసుంటిది లేదు. ఉన్నది, తేలేకపోయిన. ఏం చెప్పాలో, ఏం చేయాలో కిటికీ దగ్గరున్న ఒక్క మనిషి చూసుకుంటాడు. "మొదటి రెండు అందరు మంచిగ రాసిన్రు. మూడోది రాయనీకి ఒక్కనికి చెయ్యి రాలే," అని నవ్వారు. నేనూ నవ్వి, పెరుగన్నంలో మాగాయ నంజుకుంటూ, పాతకాలపు ఆఫీసులు అలాగే ఏడుస్తాయిలే అనుకున్నాను.

మా పని గురించి కాస్త చెప్పాలి. యంత్రంతో వచ్చిన సరంజామా మా అవసరాలకు చాలక, దాన్ని నడిపే మూల ప్రోగ్రామును మేమే రాసుకుంటున్నాం. ఇప్పుడు దాన్ని కెర్నెల్ అంటున్నారు. అప్పుడు యంత్రం జ్ఞాపకశక్తి చాలా చిన్నది, ప్రోగ్రాములేమో పెద్దవి. అందుకని ప్రోగ్రామును పేజీలుగా కోసి, డిస్కు మీద దాచి, ఎప్పటికి ఏ పేజీ కావాలో అప్పుడే లోపలికి తెచ్చేవాళ్లం. ప్రోగ్రాము ఒక పేజీ అడిగినప్పుడు అది లోపల లేకపోతే దాన్ని పేజీ ఫాల్ట్ అంటారు. పేరులో తప్పు ఉంది గానీ అందులో ఎవరి తప్పూ లేదు. కెర్నెల్ వెళ్లి ఆ పేజీ తెచ్చిస్తుంది, తను కాసేపు ఆగానన్న సంగతి కూడా ప్రోగ్రాముకు తెలియదు. చిక్కంతా తేలేకపోయినప్పుడే. డిస్కు చదవడానికి రాదు, లేదా లోపల చోటుండదు, లేదా ప్రోగ్రామే లేని పేజీ అడుగుతుంది. అప్పుడు ఏం చేయాలన్నది నాకప్పగించిన పని.

నేను దాన్ని ఎంత శ్రద్ధగా చేశానంటే, నలభై మూడు చోట్ల నలభై మూడు రకాలుగా జాగ్రత్తలు పెట్టాను. ఒకచోట మూడుసార్లు మళ్లీ ప్రయత్నించేది, ఒకచోట ప్రోగ్రామును ఆపేసేది, ఒకచోట ఆపరేటర్‌కు సందేశం పంపేది, ఇంకోచోట ఏం తోచక యంత్రాన్నే ఆపేసేది. ఎక్కడ దెబ్బ తగిలితే అక్కడే మందు రాశానని గర్వపడేదాన్ని. మాణిక్‌రావు గారు రెండుసార్లు, "గిన్ని కిటికీలెందుకు శారదమ్మా?" అన్నారు. ఆయనకు పాత రికార్డు గది పిచ్చి వదల్లేదని లోపల విసుక్కున్నాను.

ఆ ఏడాది టీచర్ ట్రైనింగ్ పరీక్షల ఫలితాలు తయారుచేసే పని మా సెంటర్‌కు వచ్చింది. సరిగ్గా అప్పుడే మాణిక్‌రావు గారు కంటి ఆపరేషన్‌కి మూడు వారాలు సెలవు పెట్టారు. మార్కులన్నీ ఎక్కించి లెక్క మొదలుపెడితే యంత్రం రోజుకు రెండుసార్లు ఆగిపోయేది. డిస్కులో ఏదో ఒక పేజీ చదవడానికి రాదు, నా నలభై మూడింటిలో ఏదో ఒకటి యంత్రాన్ని నిలబెట్టేస్తుంది. డైరెక్టర్ గారు, ఆయనదీ మా వైపే, మెట్లెక్కి పైకొచ్చి, "ఏవమ్మా శారదా, ఇది ఫలితాలిస్తుందా, మన ప్రాణాలు తీస్తుందా? ఆగకుండా నడిపే మార్గం చూడు," అన్నారు. చూశాను. ఒక పేజీ చదవడానికి రాకపోతే, దాని బదులు అన్నీ సున్నాలున్న ఖాళీ పేజీ ఒకటి ప్రోగ్రాముకు ఇచ్చేలా మార్చాను. ప్రోగ్రాముకు తేడా తెలియదు. దాని దారిన అది నడుస్తుంది. మర్నాటి నుంచి యంత్రం ఒక్కసారి కూడా ఆగలేదు. డైరెక్టర్ గారు అందరి ముందూ మెచ్చుకున్నారు. ఆ రాత్రి నాకు హాయిగా నిద్రపట్టిందని చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

మాణిక్‌రావు గారు నల్లద్దాలు పెట్టుకుని తిరిగొచ్చారు. గంటసేపు కింద హాల్లో నిలబడి యంత్రం చప్పుడు విని పైకొచ్చారు.

"ఆగుతలేదేంది?" అన్నారు. యంత్రం ఆగితే అందరూ అడుగుతారు, ఆయన ఆగనందుకు అడిగారు.

"సరిచేశానండీ."

"డిస్కు బాగుచేయించిన్రా?"

"లేదండీ. లోపలే చూసుకున్నాను."

"ఏం చూసుకున్నవ్? కాగితం తీస్కరా, చూస్త."

"మీ కళ్లకు ఇంకా విశ్రాంతి కావాలి కదా సార్, వచ్చేవారం చూద్దురుగాని," అన్నాను. ఆయన కళ్ల మీద నాకు ఎంత ప్రేమో పాపం. నిజం ఏమిటంటే, ఆ సున్నాల పేజీ గురించి ఆయనకు చెప్పాలంటే లోపలెక్కడో గుచ్చుకుంది. గుచ్చుకున్నదాన్ని అలాగే వదిలేశాను. వచ్చేవారం వచ్చేలోపు ఫలితాలు అచ్చయ్యాయి, జిల్లాలకు వెళ్లిపోయాయి.

పదిహేను రోజుల తర్వాత ఒక ముప్పై ఏళ్ల మనిషి గొడుగు చంకలో పెట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. పేరు యాదగిరి. భువనగిరి దగ్గర పల్లెలో ట్రైనింగ్ లేని పంతులు. ట్రైనింగ్ పరీక్ష పాసవ్వడానికి మూడు అవకాశాలిస్తారు. ఇది అతనికి మూడోది. తప్పితే ఉన్న ఉద్యోగం కూడా పోతుంది. పరీక్షల ఆఫీసుకు వెళ్తే, మాదేముంది, అంతా కంప్యూటర్ ఇచ్చిందన్నారట. అందుకని కంప్యూటర్‌నే అడుగుదామని వచ్చాడు.

"కంప్యూటర్ అంటె మీరేనా మేడం?" అన్నాడు నన్ను చూసి. నవ్వాపుకుని కూర్చోమన్నాను. అతను కూర్చోలేదు.

"నేను ఫెయిలైతె అయిత. లెక్కలు నాకు గంతంతనే వస్తయి. గని సున్న ఎట్లొస్తది మేడం? నాలుగు లెక్కలు ఆఖరిదాక చేసిన. తప్పే అయినా ఏదో ఒక మార్కు వెయ్యాలె గద. సున్న రావాలంటె గూడ కష్టమే." ఆగి, గొంతు తగ్గించాడు. "నా ముంగటి బల్ల మీద కమల అని ఒకామె కూసున్నది. పరీక్షకు ముంగట పదిరోజులు నాకు లెక్కలు చెప్పిందే ఆమె. ఆమెకు గూడ సున్ననే వచ్చింది. నా సంగతి ఇడ్సిపెట్టున్రి. ఆమెకెట్ల సున్న వస్తది?"

పక్క బల్ల దగ్గర మాణిక్‌రావు గారు లేచి, బీరువాలోంచి ఫలితాల కాగితాల కట్ట తీసి నేల మీద పరిచారు. చిల్లుల పట్టీల కాగితం మడతలు విప్పుకుంటూ గది ఆ చివరిదాకా పోయింది. నల్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, మోకాళ్ల మీద కూర్చుని, లెక్కల మార్కుల వరసలో వేలు కిందికి జరుపుతూ ఉర్దూలో లెక్కపెట్టారు. సున్నాలు ఒకచోట మొదలై ఒకచోట ఆగాయి. "బత్తీస్," అన్నారు. ఆ ప్రోగ్రాములో ఒక్కో అభ్యర్థి లెక్కల మార్కులకు పదహారు గడులు. ఒక పేజీలో ఐదువందల పన్నెండు గడులు, అంటే ముప్పై రెండు మంది సరిగ్గా పడతారు. అది ఆయన కంటే ముందు నాకు తెలిసిపోయింది. ఆయన లేచి దుమ్ము దులుపుకుని, యాదగిరిని చూడకుండా నన్ను చూశారు.

"ముప్పై రెండు మంది," అన్నారు. "ఒక్కడే అచ్చిండు. తక్కినోళ్లు నమ్మిన్రు."

యాదగిరికి మంచినీళ్లిచ్చి కింద కూర్చోబెట్టాక అంతా చెప్పేశాను. ఖాళీ పేజీ సంగతి, కళ్ల సాకుతో కాగితం చూపించకుండా తప్పించుకున్న సంగతి. చెప్తూ ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు, తిట్టలేదు. జేబులోంచి కార్డుల కట్ట తీసి, రబ్బరు బ్యాండు విప్పి, మళ్లీ వేశారు.

"చెదలు తిన్నయని ఆ ముసలామెకు చెప్పింది నేనే," అన్నారు. "నిచ్చెన ఇరిగింది, నాకు ఎక్కనీకి రాలేదని చెప్పాల్నంటె నామోషీ అనిపించింది. బుక్కు దొరికినంక ఆమె కోసం దేవులాడిన. పేరు తప్ప ఏం లేదు నా కాడ. ఇల్లు ఎక్కడనో గూడ అడిగి పెట్టుకోలే." కార్డుల కట్ట జేబులో పెట్టేసుకున్నారు. "మన కాడ ముప్పై రెండు అడ్రసులున్నయి. నడువు."

మేం చెప్పిన సంగతి విని డైరెక్టర్ గారు తల పట్టుకున్నారు. చెడ్డమనిషి కాదు. సెంటర్ పేరు పోతుందని భయం, నా మీద జాలి కూడా. "వచ్చినవాడిది దిద్దేద్దాం. టైపు పొరపాటని ఒక కాగితం ఇచ్చేద్దాం. మిగతావాళ్లు అడగలేదుగా," అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "నీకింకా ప్రొబేషన్ పూర్తవలేదు శారదా, ఆలోచించుకో," అన్నారు. నేను మాణిక్‌రావు గారి వైపు చూశాను, ఆయనే ఏదో ఒకటి చెప్పి గట్టెక్కిస్తారని. ఆయన, "ప్రోగ్రాము నీది. కిటికీ కాడ నువ్వే నిలబడాలె," అన్నారు. నా జీవితంలో అంత కోపం ఎవరి మీదా రాలేదు. కానీ కింద గొడుగు పట్టుకుని కూర్చున్న మనిషి కళ్లముందు కనిపించాడు. కమల అనే మనిషిని నేను చూడలేదు, అయినా ఆమే ఎక్కువ కనిపించింది.

"ముప్పై రెండూ దిద్దాలండీ," అన్నాను. "తప్పు మాదని అందరికీ రాయాలి." డైరెక్టర్ గారు చాలాసేపు పేపరువెయిట్ తిప్పి, చివరికి సరేనన్నారు. నా ప్రొబేషన్ ఆరునెలలు పొడిగించారు. అది న్యాయమే.

మర్నాడు ఆ సున్నాల పేజీ మార్పు తీసేసి మళ్లీ లెక్క నడిపాం. ఆ పేజీ రెండో ప్రయత్నంలోనే చక్కగా వచ్చింది. మార్కులు మొదటినుంచీ అక్కడే ఉన్నాయి. యాదగిరికి నలభై నాలుగు, పాసయ్యాడు. కమలకు ఎనభై ఒకటి. ఉత్తరం ముసాయిదా నేను రాశాను. "అనివార్య సాంకేతిక కారణాల వలన సంభవించిన లోపమునకు" అని మొదలుపెట్టి మంచి బరువైన తెలుగులో నింపాను. మాణిక్‌రావు గారు చదివి, మొత్తం కొట్టేసి, కింద రెండు ముక్కలు చెప్పి రాయించారు. మీ మార్కులు మా దగ్గర ఉన్నాయి. వాటిని తేలేకపోయాము, ఆ మాట చెప్పకుండా సున్నా వేశాము, తప్పు మాది. ఉత్తరం తనే వచ్చి తీసుకున్న యాదగిరి అక్కడే నిలబడి రెండుసార్లు చదువుకున్నాడు. "సర్కారు కాగితం ఇంత సాఫ్‌గ ఉండంగ ఎన్నడు చూడలే మేడం," అని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ముప్పై రెండు ఉత్తరాల్లో ఒకటి తిరిగొచ్చింది. కమలది. చిరునామాలో ఆ పేరుగలవారు లేరని పోస్టుమన్ ఎర్రసిరాతో రాశాడు. యాదగిరికి పోస్టుకార్డు రాస్తే ఆమె ఊరు వెళ్లి కనుక్కుని జవాబిచ్చాడు. సున్నా వచ్చిందని తెలిశాక ఆమె ఎవరితోనూ మాట్లాడలేదట, ఇంట్లోవాళ్లు నవ్వారట, చివరికి అన్న వెంట భీవండి బట్టల మిల్లుల వైపు వెళ్లిపోయిందట. ఆ అన్న చిరునామా సంపాదించి రెండుసార్లు రాశాం. జవాబు రాలేదు. ఆమెకు ఆ మార్కుల సంగతి తెలిసిందో లేదో నాకు తెలియదు. తిరిగొచ్చిన ఆ కవరు మాత్రం నా బీరువాలో ఉంది. దాన్ని పారేసే హక్కు నాకు లేదనిపిస్తుంది.

తర్వాత నెలరోజులు కూర్చుని నా నలభై మూడు కిటికీలూ మూసేశాం. ఆయన పద్ధతి రికార్డు గదిదే. లోపల పేజీ తెచ్చే భాగాలేవీ నిర్ణయాలు తీసుకోకూడదు, ఎవరినీ ఆపకూడదు, ఎవరితోనూ మాట్లాడకూడదు. మూడింట్లో ఒక జవాబు పైకి పంపి తప్పుకోవాలి. తెచ్చాను. అలాంటి పేజీ లేదు. ఉంది, తేలేకపోయాను. గుమ్మం దగ్గర ఒకే ఒక్క చోట ఆ జవాబు చూసి ఏం చేయాలో తేల్చాలి. తెస్తే ప్రోగ్రాము నడుస్తుంది. లేనిది అడిగితే తప్పు ప్రోగ్రాముది, ఆ మాట దానికే చెప్పి ఆపాలి. తేలేకపోతే తప్పు మనది, యంత్రాన్ని కాకుండా ఆ ఒక్క ప్రోగ్రామును ఆపి, ఏ డిస్కులో ఎక్కడ చదవలేకపోయామో ఆపరేటర్‌కు చెప్పాలి.

"మంచిగా నడుస్తున్న ప్రోగ్రామును మన తప్పుకు ఆపడమేంటండీ? వాళ్లకు ఇబ్బంది కదా," అన్నాను. పాత బుద్ధి ఒక్కరోజులో పోదు.

"ఆగనీ," అన్నారు. "ఆగితె వస్తరు, అడుగుతరు, కొట్లాడుతరు. ఆగకపోతె ఎవరొస్తరు?"

నేను రాసిన పదకొండు కాగితాలు రెండు కాగితాలకు వచ్చాయి. మిగిలిన తొమ్మిది ఆయన చింపలేదు, నాచేతనే చింపించారు. మొదట్లో ఆపరేటర్ల టైపుయంత్రం మీద రోజూ, చదవలేకపోయాను, చదవలేకపోయాను అని పడుతుంటే డైరెక్టర్ గారు చిరాకుపడ్డారు. వారం తిరిగేసరికి ఆ సందేశాలన్నీ ఒకే డిస్కులో ఒకే మూల గురించేనని తేలింది. ఇంజినీరు వచ్చి దాన్ని మార్చాడు. అప్పటినుంచి నిజంగానే ఆగడం మానేసింది. అంతకుముందు ఆ డిస్కు ఎన్ని నెలలుగా మొత్తుకుంటోందో, నా జాగ్రత్తల మధ్య దాని గొంతు ఎవరికీ వినపడలేదు.

ఆయన రిటైరయ్యాక మేం వేరే చోటికి మారాం. యంత్రాలు మారాయి, నా పదవులూ మారాయి. నా కింద పనిచేసిన పిల్లలకు ఆ మూడు మాటలూ చెప్తూ వచ్చాను. కొందరు విన్నారు, కొందరు నేను మాణిక్‌రావు గారిని విసుక్కున్నట్టే నన్ను విసుక్కున్నారు. చాలా ఏళ్ల తర్వాత, ఆయన ఒంట్లో బాగాలేదని తెలిసి కాచిగూడలో వాళ్లింటికి వెళ్లాను. వాళ్ల కోడలు గుమ్మంలోనే నెమ్మదిగా చెప్పింది. "ఎవ్వర్నీ గుర్తుపడ్తలేరండీ. మీరేం మనసుల పెట్టుకోకున్రి. పేరు చెప్తె, ఔ ఔ అంటరు."

ఆయన కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఇంకా సన్నబడ్డారు. నేను నమస్కారం చేసి ఎదురుగా కూర్చున్నాను. పేరు చెప్పలేదు. చెబితే ఆయన మర్యాదకు ఔ అంటారేమో, అది వినడం నాకిష్టం లేకపోయింది. ఆయన చాలాసేపు నన్ను చూశారు. చెయ్యి అలవాటుగా చొక్కా జేబు మీదికి వెళ్లింది. కార్డులు లేవు. ఎవరొచ్చినా గుర్తుపట్టినట్టు తలాడించేయొచ్చు, అదే కదా సులువు. ఆయన తలాడించలేదు.

"నువ్వు ఉన్నవ్," అన్నారు, వేలితో నుదురు చూపించుకుంటూ. "పేరు గూడ ఉన్నది లోపల. నేనే తేలేకపోతున్న బిడ్డా."

నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. ఆయన ముందు ఏడవడం అది రెండోసారి. అప్పుడు ఓదార్చని మనిషి ఈసారి నా చెయ్యి పట్టుకున్నారు. వచ్చేసేటప్పుడు పేరు చెప్పాను. "ఔ," అనలేదు. నోట్లోనే రెండుసార్లు అనుకుని చూసుకున్నారు. మళ్లీ వెళ్లే అవకాశం నాకు రాలేదు.

మొన్న ఆ రక్తపరీక్షల కేంద్రంలో కలం పట్టుకుని నిలబడ్డ అమ్మాయి, "చెప్పున్రి ఆంటీ, వెనక మనుషులున్నరు," అంది. నూట ఇరవై ఇంకా నాలుక మీదే ఉంది. నాకిప్పుడు డెబ్బై దాటాయి. పేర్లు, అంకెలు పిలిచిన వెంటనే రావడం మానేసి చాలాకాలమైంది. ఇంట్లో ఈ సంగతి పైకి రాకుండా నేను పడే తిప్పలు నాకే తెలుసు.

"ఇంట్లో పుస్తకంలో రాసి ఉందమ్మా," అన్నాను. "నాకే గుర్తుకు రావడం లేదు."

ఆ అమ్మాయి నన్నొకసారి చూసి, ఆ గడిని ఖాళీగా వదిలేసి, రిపోర్టు మడిచి ఇచ్చింది.